పరమాణువునకు గీసిన పటములు

శ్రోతలారా, మీ యింట బడికి పోవు పిల్లలెవరైన ఉన్నచో, వారి సామాన్యశాస్త్ర పుస్తకమును ఒక్కసారి తెరచి చూడుడు. పరమాణువును గూర్చిన పాఠములో, నడుమ ఒక చిన్న ముద్దయు, దానిచుట్టు రెండు మూడు వలయములును, ఆ వలయములపై పూసలు గ్రుచ్చినట్లు ఎలక్ట్రానులును గల బొమ్మ కనబడును. ఇదే బొమ్మ, కోలగా సాగిన వలయములతో, సంస్థల ముద్రలపైనను, పత్రికల అట్టలపైనను కనబడుచుండును. శాస్త్రజ్ఞులు గీసిన చిత్రములలో ఇంతగా జనులకు పరిచయమైనది మరొకటి లేదేమో! విచిత్రమేమనగా, ఈ బొమ్మ సరియైనది కాదని 1926 నుండి అందరు భౌతికశాస్త్రజ్ఞులకును తెలియును. అయినను పిల్లలకు చెప్పుట మానలేదు. కాదని తెలిసిన దానిని పిల్లలచేత వల్లెవేయించుట న్యాయమేనా అని కొందరు తల్లిదండ్రులు అడుగుచుందురు. న్యాయమైన ప్రశ్నయే. దీనికి ఒక్క మాటలో సమాధానము చెప్పుట మాకు సాధ్యము కాదు. ఆ బొమ్మ ఎట్లు పుట్టినదో, దానికి ముందు ఏ బొమ్మలు ఉండెడివో, అవి ఎందువలన తొలగిపోయినవో విన్న తరువాత శ్రోతలే తేల్చుకొనగలరు.

పదార్థమును ఖండించుచు పోయినచో ఎక్కడనో ఒకచోట ఆగవలసి వచ్చునను ఊహ మిక్కిలి ప్రాచీనమైనది. గ్రీసుదేశమున లూసిప్పస్, డెమోక్రిటస్ అనువారును, మన దేశమున కణాదుని అనుసరించిన వైశేషికులును దీనిని ప్రతిపాదించినారు. గవాక్షముగుండ పడు ఎండలో కదలాడు నలుసు కంటికి ఆనువానిలో మిక్కిలి చిన్నదనియు, అందులో ఆరవవంతు పరమాణువనియు మన తార్కికులు చెప్పినారు. దీనినిబట్టి నేటి అణుశాస్త్రమంతయు మనవారికి ముందే తెలియునని సభలలో చెప్పువారు లేకపోలేదు. మేము ఆ మాటను అంగీకరింపజాలము. కణాదుని తర్కము గొప్పదే. కాని తర్కముతో తేల్చిన పరమాణువును తక్కెడలో వేయుటకు ఆ కాలమున ఉపాయము లేదు. వేయవచ్చునని చూపినవాడు ఇంగ్లండులో ఒక నేతవాని కుమారుడు, జాన్ డాల్టన్.

డాల్టన్ మాంచెస్టరు నగరములో పిల్లలకు పాఠములు చెప్పుకొని జీవించినవాడు. 1787 నుండి 1844లో తాను మరణించు వరకు ఏబదియేడు సంవత్సరములు ప్రతిదినము గాలి, వాన, ఎండల లెక్కలు వ్రాసి ఉంచిన మనిషి. అట్టి ఓపికగలవానికి ఒక సంగతి తోచినది. కర్బనము ఆమ్లజనితో రెండు విధముల కలసి రెండు వాయువులగును. ఒకే తూకము కర్బనమునకు మొదటి వాయువులో ఎంత ఆమ్లజని పట్టునో, రెండవదానిలో సరిగ దానికి రెండింతలు పట్టును. ఒకటింబావు రెట్లు గాని, ఒకటిన్నర రెట్లు గాని ఎన్నడును పట్టదు. కొబ్బరికాయల బేరములో ఒకటి కొనవచ్చును, రెండు కొనవచ్చును, ఒకటింబావు కాయ ఎవరును అమ్మరు. ఆమ్లజనియు అట్లే విడివిడి కాయలుగా ఉన్నదని డాల్టన్ నిశ్చయించినాడు. ఏ మూలకపు పరమాణువు మరొకదానికంటె ఎన్నిరెట్లు బరువో 1803లో పట్టిక వ్రాసి, 1808లో గ్రంథముగా ప్రకటించినాడు. ఆయన గీసిన పటములో పరమాణువులు వట్టి గుండ్రని సున్నలు: నడుమ చుక్క పెట్టినచో ఉదజని, ఏమియు పెట్టనిచో ఆమ్లజని, నల్లగ నింపినచో కర్బనము. నీటిలో ఒక ఉదజనికి ఒక ఆమ్లజని చొప్పున ఉన్నదని ఆయన పొరబడినాడు. రెండు ఉదజనులని తేలుటకు చాల కాలము పట్టినది. అయినను లెక్క పుట్టినది. లోపలి సంగతి ఏమియు లేని, పగులని, చీలని గోళీ వంటి పరమాణువు ఇట్లు తొంబది సంవత్సరములు రసాయనశాస్త్రమును నడిపినది.

నడిపినదని అన్నంత మాత్రమున అందరును నమ్మినారని అనుకొనరాదు. పందొమ్మిదవ శతాబ్దము ముగియు వేళకుకూడ, కంటికి కనబడని పరమాణువులు లెక్కకు అనుకూలమైన కల్పనలే గాని నిజమైన వస్తువులు కావని వాదించిన దిగ్గజములు ఉండినారు. వియన్నాలో మాఖ్, జర్మనీలో ఆస్ట్వాల్డ్ అట్టివారు. నీటిపై తేలు సూక్ష్మమైన నలుసులు ఎందువలన నిలుకడలేక కదలుచుండునో 1905లో ఐన్‌స్టీన్ గణితముతో చెప్పగా, ఫ్రాన్సులో పెరాఁ 1908 మొదలు కొలిచి చూపినాడు. అప్పుడు ఆస్ట్వాల్డ్ ఒప్పుకొన్నాడు. మాఖ్ మాత్రము పట్టు విడువలేదు.

ఈ వివాదము తేలకముందే గోళీ పగిలినది. కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో జె. జె. థామ్సన్, గాలి తీసివేసిన గాజుగొట్టములో విద్యుత్తును ప్రవహింపజేసి, ఋణధ్రువమునుండి వెలువడు కిరణములను అయస్కాంతముతోను, విద్యుత్తుతోను వంచి చూచినాడు. థామ్సన్ చేతిపనిలో మహా వికారి. ఆయన గొట్టములను తాకునేమోయని పరిచారకులు భయపడుచుండెడివారట. ఆ గొట్టములను ఊది తయారుచేసిన ఎబెనీజర్ ఎవరెట్ పేరు ఈ కథలో సాధారణముగ ఎవరును చెప్పరు. కనుక మేము చెప్పుచున్నాము. 1897లో తేలినదేమనగా, ఆ కిరణములు ఋణవిద్యుత్తు గల కణములు. గొట్టములో ఏ వాయువు ఉంచినను, ధ్రువము ఏ లోహముతో చేసినను అదే కణము వచ్చుచున్నది. దాని బరువు ఉదజని పరమాణువులో సుమారు 1837వ వంతు మాత్రమేనని తరువాతి కొలతలు చెప్పినవి. ఇదియే ఎలక్ట్రాను. పూర్వపు రేడియోపెట్టెలలో ఎఱ్ఱగ వెలుగుచుండిన గాజువాల్వులను పెద్దవారు మరచిపోయి ఉండరు. ఆ వాల్వులలో తీగనుండి రేకునకు దుమికి మీకు పాట వినిపించినది ఈ కణమే.

పరమాణువునందు ఋణకణములు ఉన్నచో, వానిని సరిపుచ్చు ధనవిద్యుత్తుకూడ ఎక్కడనో ఉండవలెను. అది పరమాణువు నిండ సమముగ పరచుకొని ఉన్నదనియు, అందులో ఎలక్ట్రానులు వలయములుగ ఏర్పడి తిరుగుచున్నవనియు థామ్సన్ 1904లో ఒక పటము గీసినాడు. ఆంగ్లేయులు దీనికి తమ పండుగ మిఠాయి పేరు పెట్టినారు. మన వంటయింటి భాషలో చక్రపొంగలిలో జీడిపప్పులని చెప్పవచ్చును. అయితే ఈ పోలిక థామ్సనుకు కొంత అన్యాయము చేయుచున్నది. పొంగలిలో జీడిపప్పు కదలదు. ఆయన ఎలక్ట్రానులు కదలుచుండెను. ఎన్ని ఉన్నచో ఎట్టి వలయములుగ కుదురుకొనునో ఆయన శ్రమపడి లెక్కించినాడు. మూలకముల గుణములు కొన్ని మాటిమాటికి తిరిగివచ్చుటకు కారణము అందే ఉన్నదని గుర్తించినాడు. అదే సంవత్సరము జపానులో నాగఓకా, శనిగ్రహము చుట్టు వలయములవలె పెద్ద ధనగోళము చుట్టు ఎలక్ట్రానులు తిరుగునని మరొక పటము గీసినాడు. అది నిలుకడగ ఉండజాలదని విమర్శకులు త్రోసివేసినారు.

ఇక మరల మాంచెస్టరుకు పోవుదము. న్యూజీలండులో ఒక పల్లెటూరి కుటుంబమున పుట్టి, 1895లో థామ్సనుకు శిష్యుడై కేంబ్రిడ్జి చేరిన ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్, 1907లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఆచార్యుడైనాడు. మరుసటి సంవత్సరము నోబెల్ బహుమానము వచ్చినది. మామూలుగ ఆ బహుమానము తరువాత మనుష్యులు విశ్రాంతి తీసుకొందురు. రూథర్‌ఫర్డ్ చేసిన మహత్కార్యము బహుమానము తరువాతిదే.

రేడియమువంటి పదార్థములనుండి ఆల్ఫాకణములు వెలువడును. అవి ఎలక్ట్రానుకంటె ఏడువేల రెట్లకు మించిన బరువు గలవి. కాంతివేగములో సుమారు పదిహేనవ వంతు వేగముతో పోవును. వీనిని పలుచని లోహపురేకుగుండ పంపినచో కొంచెము కొంచెము ప్రక్కకు తొలగుచుండెను. రూథర్‌ఫర్డ్ వద్ద సహాయకుడుగ ఉన్న జర్మనుడు హాన్స్ గైగర్ ఈ తొలగుటను కొలుచుచుండెను. ఇరువదియేండ్ల విద్యార్థి ఎర్నెస్ట్ మార్స్‌డెన్‌కు చేతిపని నేర్పుటకు ఏదైన చిన్న ప్రయోగము ఇవ్వవలసివచ్చినది. ఆల్ఫాకణము ఏదైన రేకుకు తగిలి వెనుకకు మరలునేమో చూడుమని రూథర్‌ఫర్డ్ చెప్పినాడు. మరలునని ఆయనకే నమ్మకము లేదు.

ఆ ప్రయోగము ఎట్టిదో కొంచెము ఊహింపుడు. చీకటిగదిలో చాలసేపు కూర్చున్నగాని కంటికి తగిన పదును రాదు. ఆ తరువాత జింకు సల్ఫైడు పూసిన చిన్న తెరను సూక్ష్మదర్శినితో చూడవలెను. కణము తగిలినప్పుడు తెరపై మిణుకుమని ఒక మెరుపు. ఒక నిమిషము లెక్కించునప్పటికి కన్ను అలసిపోవును. 1909లో గైగర్, మార్స్‌డెన్‌లు ఇట్లు లెక్కించి, ప్లాటినము రేకునకు తగిలిన సుమారు ఎనిమిదివేల కణములలో ఒకటి వెనుకకు మరలుచున్నదని ప్రకటించినారు.

ఎనిమిదివేలలో ఒకటి అనగా పట్టించుకొననక్కరలేదని సామాన్యులకు తోచును. రూథర్‌ఫర్డుకు నిద్రపట్టలేదనుటయే నిజము. థామ్సను పటము నిజమైనచో, పొంగలిలోగుండ తుపాకిగుండు పోయినట్లు కణములన్నియు దూసుకొనిపోవలెను. ఒక్కొక్క పరమాణువు వద్ద కొద్దికొద్దిగ తొలగి, అన్ని తొలగుటలును ఒకే దిక్కునకు కూడినచో వెనుకకు మరలవచ్చును గదా అని అడుగవచ్చును. ఆ సంభావ్యత ఎంతో లెక్కించుటకై, నోబెల్ బహుమానము పొందిన ఆ ఆచార్యుడు గణితాచార్యుడు హొరేస్ లాంబ్ చెప్పు సంభావ్యతాపాఠములకు విద్యార్థులతోపాటు పోయి కూర్చున్నాడు. లెక్క వేసిచూడగా ఎనిమిదివేలలో ఒకటి మాట అటుంచి, ప్రపంచములోని రేడియమంతయు ఖర్చుపెట్టినను అట్టిది ఒకటి కనబడుట కష్టము. కనుక వెనుకకు మరలిన కణము ఒకే ఒక్క ఢీకొనుటతో మరలినది. అంత బలముగ త్రిప్పికొట్టవలెనన్నచో, పరమాణువులోని బరువంతయు, విద్యుదావేశమును ఊహింపరానంత చిన్నచోట పోగుపడి ఉండవలెను.

ఈ నిశ్చయమునకు వచ్చుటకు ఏడాదిన్నరకు పైగ పట్టినది. 1911 మార్చి 7వ తేదీన మాంచెస్టరు సాహిత్య తాత్త్విక సమాజములో ఆయన ఈ సంగతి చదివినాడు. 1803లో డాల్టన్ తన పరమాణుభారముల సంగతి చదివినదియు ఆ సమాజములోనే. వ్యాసము మే నెలలో అచ్చైనది. బంగారు పరమాణువు నడుమ నున్న ఆ ముద్దకు కేంద్రకమను పేరుకూడ ఇంకను రాలేదు. దానిది ధనావేశమా, ఋణావేశమా అన్నదికూడ వ్యాసములో తేల్చలేదు. తెలిసినంతవరకే చెప్పినాడు. తరువాత గైగర్, మార్స్‌డెన్‌లు లక్షకు పైగ మెరుపులను ఒక్కొక్కటిగ లెక్కించి, ఏ కోణమున ఎన్ని కణములు తొలగవలెనని రూథర్‌ఫర్డ్ సూత్రము చెప్పినదో అన్నియే తొలగుచున్నవని 1913లో నిరూపించినారు.

కొలత మనస్సునకు ఎక్కుటకు ఒక పోలిక చెప్పుదుము. బంగారు కేంద్రకమును ఒక పెసరగింజగ భావించినచో, పరమాణువు ఎనుబది మీటర్ల అడ్డుకొలత గల మైదానమగును. పెసరగింజలోనే దాదాపు బరువంతయు ఉన్నది. తక్కిన మైదానమునందు డెబ్బదితొమ్మిది ఎలక్ట్రానులు తప్ప మరేమియు లేదు. మీరు కూర్చున్న కుర్చీయు, గోడయు, మీ చేతులును ఇట్టి ఖాళీలతోనే కట్టబడినవి.

గురువుగారి పటమును శిష్యుడు చింపివేసినాడు. పోట్లాట ఏమైన జరిగినదేమోయని ఆశించు శ్రోతలకు నిరాశయే. ఇరువురికిని గౌరవమునకు లోటు రాలేదు. అంతకంటె ఆశ్చర్యము, లోకము ఈ క్రొత్త పటమును మొదట పట్టించుకొననే లేదు. అందుకు కారణము ఉన్నది. క్రొత్త పరమాణువు బ్రతుకజాలనిది.

ఎందువలననో రేడియో వినువారికి చెప్పుట సులభము. ప్రసారకేంద్రము యొక్క ఎత్తయిన స్తంభములో ఎలక్ట్రానులు ముందునకు వెనుకకు ఊగుచుండును. ఊగు విద్యుత్తు తన శక్తిని తరంగములుగ విడుచును. ఆ తరంగములే మా మాటను మీ యింటికి మోయుచున్నవి. ఈ నియమమునకు మినహాయింపు లేదు. కేంద్రకము చుట్టు తిరుగు ఎలక్ట్రానుకూడ ఊగునట్టిదే. కనుక అదికూడ నిరంతరము శక్తిని విడువవలెను, విడిచి విడిచి లోపలికి జారవలెను. ఉదజనిలో ఈ జారుటకు సెకనులో పదివేలకోట్లవ వంతు చాలును. రేడియోను పలికించు నియమమే రూథర్‌ఫర్డ్ పరమాణువునకు మరణశాసనము వ్రాసినది. అయినను ప్రపంచము కూలిపోలేదు!

ఈ చిక్కును విప్పినవాడు 1912 మార్చిలో మాంచెస్టరు చేరిన ఇరువదియారేండ్ల డేనుడు నీల్స్ బోర్. అంతకుముందు కేంబ్రిడ్జిలో థామ్సను వద్దకు పోయినాడు గాని అక్కడ పని కుదరలేదు. కోపెన్‌హాగెన్‌కు తిరిగి పోయిన తరువాత, 1913 ఆరంభమున ఒక మిత్రుడు ఆయనను, మీ సిద్ధాంతము ఉదజని వర్ణపటమును గూర్చి ఏమి చెప్పుచున్నదని ప్రశ్నించినాడు. పొయ్యిలో ఉప్పుకల్లు పడినప్పుడు మంట పసుపుపచ్చగ వెలుగుట స్త్రీలందరును చూచినదే. ప్రతి మూలకమునకును ఇట్లు తనవియైన రంగుల గీతలు ఉన్నవి. ఉదజనికి ఎఱుపు, నీలము, ఊదా రంగులలో గీతలు కనబడును. స్విట్జర్లండులో బాజెల్ నగరమున బాలికల పాఠశాలలో గణితము చెప్పుకొను యోహాన్ బామర్, తన అరువదవయేట, 1885లో, ఈ గీతల తరంగదైర్ఘ్యములను ఒకే చిన్న సూత్రములో ఇమిడ్చినాడు. ఎందుకు ఇమిడినవో ఆయనకు తెలియదు, ఎవరికిని తెలియదు. బోర్ పుట్టినది అదే 1885లో. ఆ సూత్రము ఇరువదియెనిమిది సంవత్సరములు ఆయనకై కాచుకొని ఉన్నట్లే అయినది.

సూత్రము చూచినంతనే బోరునకు దారి కనబడినది. కోనేటి మెట్లను తలచుకొనుడు. ఏ మెట్టుమీదనైన నిలువవచ్చును, రెండు మెట్ల నడుమ నిలువరాదు. ఎలక్ట్రానుకూడ కొన్ని నియమితమైన కక్ష్యలలోనే ఉండును. అక్కడ ఉన్నంతసేపు శక్తిని విడువదు. పై మెట్టునుండి క్రింది మెట్టునకు దిగినప్పుడు మాత్రమే ఆ తేడాను కాంతిగ విడుచును. మూడవ మెట్టునుండి రెండవదానికి దిగినచో ఎఱుపు, నాల్గవదానినుండి రెండవదానికి దిగినచో నీలము. అన్నిటికంటె క్రింది మెట్టునుండి దిగుటకు చోటు లేదు, కనుక పరమాణువు కూలదు. లెక్కలు కొలతలతో సరిపోయినవి. ఊగు ఎలక్ట్రాను శక్తిని ఎందుకు విడువదని అడిగినచో, బోర్ వద్ద సమాధానము లేదు. విడువదని ఆజ్ఞాపించినాడు, అంతే. రూథర్‌ఫర్డ్ వ్రాతప్రతి చదివి, ఎలక్ట్రాను ఎక్కడ ఆగవలెనో దానికి ముందుగనే ఎట్లు తెలియునని ఉత్తరము వ్రాసినాడు. ఇంతటి సూటిప్రశ్న మరొకరు వేయలేదు. మీ పిల్లవాని పుస్తకములోని వలయముల బొమ్మ 1913లో పుట్టిన ఈ బొమ్మయే. 1916లో సొమ్మర్‌ఫెల్డ్ కొన్ని వలయములను కోలగ సాగదీసినాడు.

ఆ బొమ్మకు గట్టి సాక్ష్యము చేకూర్చినవాడు మోజ్లీ. ఇతనిని గూర్చి కొంచెము నిదానించి చెప్పుట మాకు ఇష్టము. హెన్రీ మోజ్లీ 1887లో పుట్టి, రూథర్‌ఫర్డ్ శాలలో పనిచేసినాడు. 1913, 1914 సంవత్సరములలో అల్యూమినియమునుండి బంగారము వరకు గల మూలకములను ఒక్కొక్కటిగ తీసుకొని, వాని ఎక్స్‌కిరణముల పౌనఃపున్యమును కొలిచినాడు. దాని వర్గమూలము ఒక మూలకమునుండి తరువాతి దానికి సమానమైన అడుగులతో పెరుగుచున్నది. అనగా మూలకములకు బరువుకంటె ముఖ్యమైన వరుససంఖ్య ఒకటి ఉన్నది. అది కేంద్రకములోని ధనావేశము. నికెలుకంటె కోబాల్టు బరువు ఎక్కువయినను కోబాల్టును ముందు ఉంచుచుండుట రసాయనవేత్తలకు చిరకాలపు చిక్కు. మోజ్లీ కొలతలో కోబాల్టు 27, నికెలు 28 అని తేలి చిక్కు విడిపోయినది. 43, 61, 75 సంఖ్యలవద్ద అడుగులు తప్పినవి. అక్కడ ఇంకను దొరకని మూలకములు ఉండవలెనని చెప్పినాడు. ఆ మూడును తరువాత, 1925, 1937, 1945 సంవత్సరములలో దొరకినవి. చూచుటకు మోజ్లీ లేడు. 1914లో యుద్ధము వచ్చినప్పుడు ఆస్ట్రేలియాలో శాస్త్రసభలో ఉన్నవాడు, తిరిగివచ్చి సైన్యములో చేరినాడు. 1915 ఆగస్టు 10వ తేదీన గాలిపోలీలో గుండు తగిలి మరణించినాడు. వయస్సు ఇరువదియేడు. ఇట్టివానిని కందకములకు పంపుట ఎంత వ్యర్థమో రూథర్‌ఫర్డ్ నేచర్ పత్రికలో వ్రాసినాడు. ఒకే చీకటిగదిలో మెరుపులు లెక్కించిన గైగర్, మార్స్‌డెన్‌లు ఆ యుద్ధములో ఎదురెదురు సైన్యములలో ఉండినారు. గైగర్ వద్ద పనిచేయుటకు బెర్లిను పోయిన మరొక మాంచెస్టరు విద్యార్థి జేమ్స్ చాడ్విక్, శత్రుదేశీయుడని నిర్బంధింపబడి, గుఱ్ఱపుపందెముల మైదానములోని శిబిరమున నాలుగేండ్లు గడపినాడు. అక్కడకూడ ఊరకుండక, జర్మనీలో అమ్ముచుండిన థోరియము కలిసిన దంతలేపనముతో ప్రయోగములు చేసినాడు.

కేంద్రకములో ఏమి ఉన్నదను ప్రశ్న ఈ చాడ్విక్ వంతునకే వచ్చినది. ప్రోటానులు, వానితోపాటు కొన్ని ఎలక్ట్రానులు అందులో ఇరుకుకొని ఉన్నవని చాలకాలము అనుకొన్నారు. ఏ ఆవేశమును లేని కణము ఒకటి ఉండవచ్చునని 1920లో రూథర్‌ఫర్డ్ ఊహించినాడు. పండ్రెండేండ్లు వెదకి, 1932లో చాడ్విక్ న్యూట్రానును పట్టుకొన్నాడు. భీమవరము ప్రాంతమున గొరగనమూడిలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగ పుట్టి, సన్న్యసించిన పిదప స్వామి జ్ఞానానందులుగ ప్రసిద్ధికెక్కిన మన తెలుగువాడు, ప్రాగ్ నగరములో ఎక్స్‌కిరణముల వర్ణపటములపై పరిశోధించి, తరువాత లివర్‌పూల్‌లో ఈ చాడ్విక్ వద్దనే పనిచేసినారు. ఆంధ్ర విశ్వవిద్యాలయములో కేంద్రకభౌతికశాస్త్రమునకు పునాది వేసినది వారే. కాషాయవస్త్రములతో ప్రయోగశాలలో నిలిచిన ఆ మూర్తి విశాఖపట్టణమున చదివినవారికి సుపరిచితము.

బోర్ పటము సంగతికి వత్తుము. ఉదజనికి అద్భుతముగ అతికిన ఆ లెక్క, రెండే ఎలక్ట్రానులు గల హీలియమువద్ద బోర్లపడినది. ఎన్ని అతుకులు వేసినను నిలువలేదు. 1924లో ఫ్రాన్సులో లూయీ ద బ్రోయ్, కణమనుకొన్న ఎలక్ట్రానునకు తరంగస్వభావముకూడ ఉండవలెనని ప్రతిపాదించినాడు. వీణతీగ మీటినప్పుడు దాని నిడివిలో ఇమిడెడి తరంగములే నిలుచును, తక్కినవి చెదరిపోవును. కేంద్రకము చుట్టు ఎలక్ట్రాను తరంగముకూడ అట్లే తనలో తాను సరిగ కలిసికొన్నచోటనే నిలుచును. బోర్ ఆజ్ఞాపించిన మెట్లు ఇక్కడనుండి వచ్చినవన్నమాట. 1925లో హైజెన్‌బర్గ్ ఒకదారినుండియు, 1926లో ష్రోడింగర్ మరొక దారినుండియు నూతన గణితమును నిర్మించినారు. ఆ తరంగము దేనిదని అడుగగా, ఎలక్ట్రాను ఎక్కడ కనబడుట ఎంత సంభావ్యమో తెలుపునదని మాక్స్ బోర్న్ అర్థము చెప్పినాడు. 1927లో ఎలక్ట్రానులను పలుచని రేకులగుండ పంపి, తరంగములు మాత్రమే ఏర్పరుపగల వలయములను ఫోటోతీసినవారిలో ఒకడు జి. పి. థామ్సన్. ఎలక్ట్రాను కణమని చూపిన జె. జె. థామ్సను కుమారుడే! తండ్రికి 1906లోను, కుమారునికి 1937లోను నోబెల్ బహుమానములు వచ్చినవి. ఇరువురును నిజమే చెప్పినారు.

ఈ క్రొత్త పరమాణువునకు పటము గీయుట కష్టము. గీసినచో వలయములు ఉండవు. కేంద్రకము చుట్టు ఒక మబ్బు ఉండును, దట్టమైనచోట ఎలక్ట్రాను కనబడు అవకాశము ఎక్కువ, పలుచనైనచోట తక్కువ. క్రింది మెట్టుమీది ఎలక్ట్రాను చుట్టు తిరుగుచున్నదనుటకు కూడ వీలులేదు. అయితే ఒక ముచ్చట వినుడు. ఉదజని మబ్బులో ఎలక్ట్రాను ఏ దూరమున కనబడుటకు అన్నిటికంటె అవకాశము ఎక్కువయని లెక్కించినచో, 1913లో బోర్ చెప్పిన కొలతయే వచ్చును: సెంటీమీటరులో ఇరువదికోట్లవ వంతునకు రవంత ఎక్కువ. బొమ్మ పోయినది, అంకె మిగిలినది. శక్తి మెట్లును మిగిలినవి. రూథర్‌ఫర్డ్ కేంద్రకము మిగిలినది, మోజ్లీ వరుససంఖ్య మిగిలినది. నీటిలో ఎంతకు ఎంత కలియునో లెక్కించునప్పుడు రసాయనవేత్త నేటికిని డాల్టను గోళీలతోనే పని జరుపుకొనును.

అందువలన పాఠ్యపుస్తకములోని బొమ్మను అబద్ధమని కొట్టివేయుట మాకు సమ్మతము కాదు. అయితే మా ఫిర్యాదు ఒకటి ఉన్నది. బొమ్మక్రింద దానిని గీసిన సంవత్సరము వ్రాయరు. 1913లో బోర్ గీసినదని, హీలియమువద్ద ఇది తప్పినదని రెండు పంక్తులు చేర్చినచో పండ్రెండేండ్ల పిల్లకు అర్థము కాకపోదు. మేము కళాశాలలో చదువుకొన్న రోజులలో, అంతకుముందు ఆరేండ్లు నేర్చిన వలయములను ఒక ఉదయమున అధ్యాపకుడు నల్లబల్లపైనుండి తుడిచివేసినప్పుడు, తరగతిలో సగముమందికి శాస్త్రముపైననే అపనమ్మకము కలిగినది. ముందే చెప్పియున్నచో ఆ బెదురు ఉండెడిది కాదు.

గైగర్, మార్స్‌డెన్‌ల ఉపాయము మాత్రము పాతబడలేదు. 1968లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో మూడు కిలోమీటర్ల పొడవుగల యంత్రముతో ఎలక్ట్రానులను ప్రోటానులపైకి విసరి, అవి ఏ కోణమున మరలుచున్నవో లెక్కించినారు. ఎదురుచూచినదానికంటె ఎక్కువ మరలినవి. ప్రోటానుకూడ ముద్ద కాదు, దానిలోను గట్టి గింజలు ఉన్నవి. వానినే క్వార్కులనుచున్నారు. ఇక ఆ ప్రోటాను అసలు ఎంత పెద్దదనునదికూడ ఇటీవలివరకు తగవుగనే ఉండినది. 2010లో స్విట్జర్లండులో, ఎలక్ట్రానునకు మారుగ దానికంటె రెండువందల రెట్ల బరువుగల మ్యూయానును ఉదజనిలో నిలిపి కొలువగా, ప్రోటాను వ్యాసార్థము పాత పట్టికలలోని 0.877 ఫెమ్టోమీటర్లకు మారుగ 0.842 మాత్రమే వచ్చినది. కొలిచినవారు పొరబడినారా, లేక సిద్ధాంతమే సరిచూడవలెనా అని దాదాపు పదియేండ్లు వాదములు నడచినవి. 2018 ప్రామాణిక పట్టిక చిన్న అంకెవైపే మొగ్గినది. 2019లో అమెరికా, కెనడాలలో వేరువేరు పద్ధతులతో కొలిచినవారికిని చిన్నదే వచ్చినది. పాత ప్రయోగములలో ఆ అధికము ఎక్కడినుండి చేరినదో వెదకుటకు క్రొత్త కొలతలు నడచుచున్నవి.